తొమ్మిది దినుసుల తొలిముద్ద

మా పాపకు ఆరు నెలలు నిండిన మర్నాడు మా ఇంటి వరండాలో నేను హేతువాదానికి చేసిన ద్రోహం, తాయెత్తులు కట్టేవాడెవడూ ఇంతవరకూ చేసి ఉండడు. ఏళ్ల తరబడి మైకు పట్టుకుని, "ప్రశ్నించండి! పరీక్షించండి! రుజువు లేనిదే నమ్మకండి!" అని మండలమంతా అరిచిన మనిషిని. అంత పెద్ద గొంతు మూడు చెంచాల పిండికి మూగబోయింది. ఎట్లా పోయిందో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లోవాళ్లు నవ్వడం ఇంకా ఆపలేదు, మీరూ కలవండి.

పాపకు నేను పెట్టిన పేరు జిజ్ఞాస. మా అత్త, అంటే నా భార్య భారతి వాళ్లమ్మ, ఆ పేరుతో మూడు రోజులు కుస్తీ పట్టి, ఓటమి ఒప్పుకుని, "బుజ్జమ్మా" అని పిలుచుకోవడం మొదలుపెట్టింది. కాన్పు సాయానికి వచ్చి మాతోనే ఉండిపోయిన మనిషి. బడి మొహం చూసింది లేదు. ఆమె నోరు తెరవకముందే అందులో ఉన్నది మూఢనమ్మకమేనని నేను తీర్పు రాసి పెట్టుకున్నాను. విచారణ లేకుండా తీర్పు చెప్పడం హేతువాదమేనా అంటారా? ఆ రోజుల్లో ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు లేరు.

"గుడికాడ అన్నం ముట్టిస్తామా అల్లుడా?" అంది అత్త.

"గుడి లేదు, ముహూర్తం లేదు. మా పాపకు శాస్త్రీయంగా తొలిముద్ద పెడతాం!"

శాస్త్రీయం అంటే ఏమిటో విన్నవించుకుంటాను. ఫోన్లో పోషకాహారం మీద నాకు దొరికిందల్లా చదివి, మాంసకృత్తులు, ఇనుము, సున్నం, కొవ్వు, ఏ ఒక్కదానికీ అన్యాయం జరగకుండా తొమ్మిది దినుసులు పోగేశాను. రాగులు, బియ్యం, పెసలు, గోధుమలు, నువ్వులు, బాదం, పాలపొడి, ఉడికించిన గుడ్డు సొన. వేరుశెనగ పండే మా కంబదూరు మట్టి మీది అభిమానంతో శెనక్కాయలు కాస్త ఎక్కువే. వేయించి, దంచి, జల్లెడ పట్టి, జావ కాస్తుంటే నా ఒళ్లు ఉప్పొంగిపోయింది. కొత్త లోకానికి పునాది రాయి వేసేవాడు కూడా అంత ఉబ్బిపోయి ఉండడు.

అత్త వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"ఏమప్పా, అన్నీ ఒకేపారి కలిపినావా? ముందు రాగిగంజి ఒక్కటే పెట్టు. మూడు నాలుగు దినాలు సూడు. పడితే అప్పుడు ఇంగోటి."

"ఎందుకు?"

"అట్లనే పెడతారు."

"అట్లనే అంటే? కారణం చెప్పత్తా, కారణం!"

"మాయమ్మ అట్ల పెట్టింది. నేనూ అట్లనే పెట్టినా."

నేను గాల్లో ఎగిరాను. "విన్నావా భారతీ? కారణం చెప్పలేని ఆచారం! తాత ముత్తాతలు చేశారు గనుక మనమూ చెయ్యాలట! దీని మీదే కదా నా పోరాటం!"

"నీ పోరాటం బిడ్డ మీద వద్దు," అంది భారతి తడిబట్టలు ఆరేస్తూ. "మా అమ్మ చెప్పినట్లు ఒకటొకటే పెట్టు."

ఓటుకు పెట్టి ఉంటే రెండు చేతులు వాళ్లవైపు లేచేవి. అందుకే ఓటుకు పెట్టలేదు. అత్త వంటింట్లోకి, భారతి ఇంకో బకెట్ కోసం లోపలికి పోగానే పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని మూడు చెంచాలు తినిపించేశాను. పాప చప్పరించి, నవ్వి, ఇంకా కావాలని చేతులు ఆడించింది. "చూశారా!" అని గోడలకు చెప్పాను. గోడలు ఒప్పుకున్నాయి.

ఆ తర్వాత పాప చెంప గోక్కోవడం మొదలుపెట్టింది. చెంప మీద ఒక దద్దు. మెడ మీద రెండు. పొట్ట మీదికి చూసేసరికి ఎర్రగా, ఉబ్బెత్తుగా, పటంలో జిల్లాల మాదిరి దద్దుర్లు. పాప ఏడుపు లంకించుకోగానే వంటింట్లోంచి అత్త పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆమె పిడికిట్లో ఉప్పు!

ఉప్పు కనబడగానే నాలో ఉపన్యాసకుడు లేచి నిలబడ్డాడు.

"దిష్టి తీయడానికి వీల్లేదు! ఈ ఇంట్లో ఉప్పు తిప్పడానికి నేను ఒప్పుకోను! ఇరవై ఒకటో శతాబ్దంలో..."

"ఏమప్పా..."

"...ఒక చూపు ఒంటిమీద దద్దుర్లు లేపుతుందా? కంటిలోంచి ఏ పదార్థం బయలుదేరుతుంది? ఎవరైనా కొలిచారా? చూపించగలరా?"

"అప్పా, సంగటికి ఎసట్లో ఉప్పేస్తాంటే బిడ్డ ఏడిస్తే అట్లనే వొచ్చినా!" అని అత్త పిడికిలి విదిలించింది. "దిష్టని నేనన్నానా? నీ కత తర్వాత చెప్పుదువు, బిడ్డ పెదివి సూడు! ఉబ్బతాండాది!"

చూశాను. పాప పై పెదవి తేనెటీగ కుట్టినట్లు లావెక్కింది. నేను ఉపన్యాసం ఇచ్చింది ఒక నిమిషమో, రెండో. ఆ నిమిషాలను ఇప్పటికీ లెక్కపెట్టుకుంటుంటాను. పాప గుక్కపట్టి ఏడ్చి, తిన్నదంతా నా చొక్కా మీద కక్కింది.

"ఆటో!" అని భారతి అరిచిన అరుపుకు వీధి చివర చాయ్ తాగుతున్న ఆటో ఆయన గ్లాసు పారేసి వచ్చాడు. కళ్యాణదుర్గం ఆసుపత్రికి పోయేదాకా భారతి పాప ఛాతీ మీద చెయ్యి తీయలేదు. ఊపిరి ఆడుతోందా, ఆడుతోందా అని నేను ఎన్నిసార్లు అడిగానో. ప్రశ్నించండి అని ఊరికి చెప్పినవాడిని కదా, దారంతా అదొక్కటే ప్రశ్న.

పిల్లల డాక్టరమ్మ పాప ఛాతీ విని, నోరు, గొంతు చూసి, మందు వేసి, "ఊపిరి బాగానే ఉంది. అయినా కొన్ని గంటలు ఇక్కడే ఉండాలి," అంది. మాకు ప్రాణాలు లేచి వచ్చాయి. తర్వాత కాగితం తీసుకుంది.

"పాపకు ఏం పెట్టినారు?"

తొమ్మిదీ చెప్పాను. ఆమె కలం నాలుగో దానికే ఆగిపోయింది.

"ఇందులో ఇంతకుముందు ఏవి పెట్టినారు?"

"ఏవీ పెట్టలేదమ్మా. ఇదే మొదటిసారి."

"మరి దేనివల్ల వచ్చిందో ఎట్లా తెలుస్తుంది సార్? దొంగతనం జరిగింది, తొమ్మిది మందిని మీరే ఒక మూటలో కట్టి తెచ్చినారు!"

ప్రత్యర్థి ఎదుట నేను నోరు మూసుకోవడం మా భారతి చూసింది అదే మొదటిసారి.

"పెట్టిన ఎంతసేపటికి దద్దుర్లు?"

నేను వేళ్లు మడిచి లెక్కపెట్టబోయాను. వంటింటి గుమ్మంలోంచి ఓ కన్ను మామీదే వేసి ఉంచిన అత్త వెనక నుంచి అందుకుంది. "మోటర్లకు కరెంటొచ్చినప్పుడు తినిపించినాడమ్మా. పాలాయన గిన్నెలో పాలు పోసి ఇంగా పోనేలేదు, చెంప గోక్కున్నాది. ముందు చెంప, తర్వాత మెడ, పొట్ట. పెదివి ఆఖర్న. కక్కినాక సగం తగ్గింది."

డాక్టరమ్మ అంతా రాసుకుంది. తర్వాత మాకు చెప్పింది: కొత్త తిండి ఏదైనా ఒక్కటే, కొంచెమే, పగటిపూట, మనిషి కనిపెట్టుకుని ఉండి పెట్టాలి. మూడు రోజులు చూశాకే రెండోది. దద్దుర్లు, పెదవి వాపు, వాంతి గమనించాలి. ఊపిరి గురగురలాడినా, బిడ్డ వాలిపోయినా ఒక్క క్షణం ఆగకుండా పరుగెత్తాలి.

"అట్లనే పెడతారు" అన్నమాటకు కారణం దొరికింది. అత్త బిడ్డ మూతి తుడుస్తూ కూర్చుంది. నన్ను దెప్పి ఉంటే బాగుండేది, ఏదో ఒకటి వాదించి ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

రాగి, బియ్యం, పెసలు ఇంట్లో ఒకటొకటిగా గెలిచాయి. అనుమానం ఉన్నవాటిని డాక్టరమ్మ మమ్మల్ని ఇంట్లో ముట్టుకోనివ్వక, రక్తపరీక్షలతో, తన కళ్లెదుటే తేల్చింది. దొంగ దొరికింది. శెనక్కాయ! నేను అభిమానంతో కాస్త ఎక్కువ వేసిన శెనక్కాయ!

ఇంతటితో అవమానం పూర్తయిందనుకున్నాను. పోయిన నెల మడకశిరలో బంధువులింట్లో విందు. భారతి పెద్దమామ, జీవితమంతా శెనక్కాయ పండించిన మనిషి, భారతి ఒళ్లోని పాప నోటికి శెనక్కాయ చట్నీ అద్దిన వేలు చాపాడు. నేను విస్తరి దాటి దూకి ఆ చెయ్యి పట్టుకుని, పాపను ఎత్తుకున్నాను.

"పెట్టొద్దు మామా! పాపకు శెనక్కాయ పడదు!"

పంక్తి అంతా ఆగిపోయింది.

"శెనక్కాయ పడకపోయేదేందప్పా?" అన్నాడు పెద్దమామ. "మనం పుట్టిందే శెనక్కాయ చేన్లల్లో! ఊరందరికీ బుద్ధులు చెప్తావు, నీకెందుకప్పా ఇట్లాంటి పిచ్చి నమ్మకాలు? ఏదీ, ఒక్క చుక్క పెడతా. ఏమైతాదో అందరి ముందర రుజువు చెయ్!"

రుజువు చెయ్! నేను జీవితమంతా ఎదుటివాళ్ల మీద విసిరిన సవాలు. ఇంతమంది శ్రోతలు, ఇంత మంచి వేదిక. పాప నా భుజం మీద చొంగ కారుస్తోంది.

"చెయ్యను మామా," అన్నాను. "నేను ఓడిపోయినా. నువ్వే గెలిచినావు. చెయ్యి కడుక్కో."

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా తీర్మానిస్తున్నాను: చొంగ కార్చే శ్రోత ముందు ఇకపై ఒకటికి మించి అంశం ప్రవేశపెట్టను. దాని మీద మూడు రోజులు చర్చ జరగనిదే రెండోది ఎత్తను. సభకు అధ్యక్షత మా అత్తది. నేను గిన్నెలు కడుగుతాను.