బ్రెడ్డు తినే మనిషికి చారన్నం

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా మనవరాలు అన్నం వద్దని అలిగి, వంటింట్లోకి వెళ్ళి, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య ప్యాకెట్ చిప్స్ పోసుకుని పైనుంచి అరచేత్తో గట్టిగా నొక్కింది. కరకరమంది. హాల్లో కూర్చున్న నేను ఆ చప్పుడుకి లేచి గుమ్మం దాకా వెళ్ళాను. అది ఏదో వీడియోలో చూసి నేర్చుకుందట గానీ, నాకది పాతికేళ్ళ కిందట ఇదే దోహాలో విన్న చప్పుడు. కోడలు కేకలేస్తుంటే పోనీలే తిననీ అని నేనే వెనకేసుకొచ్చాను. చిప్స్ కొనొద్దని ఈ ఇంట్లో రోజూ గోల పెట్టేది నేనే కాబట్టి కోడలు నన్ను వింతగా చూసింది.

మన వయసు వాళ్ళకి చెప్పక్కర్లేదు, మన చిన్నప్పుడు బ్రెడ్డంటే జ్వరం తిండి. టైఫాయిడో మలేరియానో వచ్చి లేచినవాళ్ళకి నాన్న బజారునించి కాగితం చుట్టిన రొట్టె తెస్తే, అమ్మ వేడి పాలల్లో ముంచి పెట్టేది. ఒంట్లో బాగున్న పిల్లలం దానివంక ఆశగా చూసేవాళ్ళం గానీ, అడిగితే తిట్లు పడేవి. అలాంటి ఇంట్లో పుట్టి, బాపట్లలో డిగ్రీ చదివి, పెళ్ళయి, మా అబ్బాయి బడికెళ్ళే వయసుకొచ్చాక మా ఆయన వెనకాలే ఖతార్ వచ్చాను. ఆయనది ఊరికి దూరంగా రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, తెల్లారకుండా కంపెనీ బస్సెక్కితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరేవారు. దోహాలో అల్ మన్సూరా పేటలో రెండు గదుల ఫ్లాటులో ఏసీ మోత వింటూ ఎంతసేపని కూర్చుంటాను? ఒక చిన్న కంపెనీ ఆఫీసులో ఫైళ్ళు చూసే పనిలో చేరాను.

ఆ ఆఫీసులో మధ్యాహ్నం అందరం ఒకే బల్ల దగ్గర తినేవాళ్ళం. లెక్కలు చూసే ఇంగ్లండు ఆవిడ, అరవైకి దగ్గర పడ్డ మనిషి, తనకంటూ ఇక్కడ ఎవరూ లేరు. ఇంకా ఒక అమెరికా ఆయన, ఒక ఆస్ట్రేలియా ఆయన, నేను. ముగ్గురిదీ ఇంగ్లీషే కదా అనుకున్నాను గానీ, తిండి దగ్గరికొచ్చేసరికి ఒకరి మాట ఒకరికి గిట్టేది కాదు. ప్యాకెట్లో వచ్చే పల్చటి ఆలూ ముక్కల్ని అమెరికా ఆయన చిప్స్ అంటే, కావు, అవి క్రిస్ప్స్, చిప్స్ అంటే వేడిగా నూనెలోంచి తీసిన లావుపాటివి అనేది ఆవిడ. ఆ లావుపాటివాటిని ఆయన ఫ్రైస్ అనేవాడు. ఆస్ట్రేలియా ఆయన రెండింటినీ చిప్సే అనేసి ఇద్దరిచేతా చీవాట్లు తినేవాడు. ఈయన బ్రెడ్డులో బీట్‌రూట్ చక్రాలు పెట్టుకునేవాడు, వారానికో చొక్కా పాడయ్యేది. అమెరికా ఆయన శాండ్‌విచ్ నోట్లో పట్టనంత లావు. అసలు బ్రెడ్డుకి వెన్న ఎందుకు రాస్తారని ఆయన, వెన్న రాయకపోతే అది శాండ్‌విచ్ ఎలా అవుతుందని ఆవిడ, రోజూ ఇదే రామాయణం.

ఆవిడ మాత్రం రెండు బ్రెడ్డు ముక్కలకి అంచులదాకా వెన్న రాసి తెచ్చుకునేది. ముందే పెడితే మెత్తబడతాయని, బల్ల దగ్గరే క్రిస్ప్స్ ప్యాకెట్ విప్పి, మధ్యలో పరిచి, అరచేత్తో నొక్కి, కరకరమన్నాక మూలనించి మూలకి కోసేది. నేను దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాను. జ్వరపడి నోరు చప్పబడ్డవాళ్ళు అప్పడం నంజుకుంటారే, అలాగ అనుకున్నాను. మొదటి వారం ఊరుకున్నాను. రెండో వారమూ బ్రెడ్డే. మనిషి చూస్తే సన్నగా, పాలిపోయి ఉంటుంది. ఏదో జబ్బు, పాపం ఎవరికీ చెప్పుకోలేకపోతోందని తేల్చేశాను. మా ఆయనతో అంటే, వాళ్ళ భోజనమే అంత, నీకెందుకే అన్నారు. నేను వింటేనా!

మర్నాడు మిరియాల చారు కాచి, మెత్తటి అన్నంలో కలిపి, చుక్క నెయ్యి వేసి, వేడి ఆరని డబ్బాలో పట్టుకెళ్ళి ఆవిడ ముందు పెట్టి, జ్వరం తగ్గిందా అని అడిగాను. అమెరికా ఆయన నవ్వు ఆపుకోలేక లేచి బయటికి వెళ్ళాడు. ఆవిడ నవ్వలేదు. చెంచాతో చివరిదాకా తిని, కారానికి కారిన ముక్కు తుడుచుకుని, తనకి ఒంట్లో ఎలా ఉందని ఎవరైనా అడిగి చాలా ఏళ్ళయిందని చెప్పింది. అసలు సంగతి తెలిశాక నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది గానీ, ఆ రోజునించి గురువారం గురువారం ఆవిడకి నా చారన్నం, నాకు ఆవిడ శాండ్‌విచ్‌లో సగం. చిన్నప్పుడు వాళ్ళమ్మ ఫ్యాక్టరీ పనినించి వచ్చి, పొయ్యి వెలిగించే ఓపిక లేనప్పుడు అదే చేసి పెట్టేదని అలా తింటూనే చెప్పింది.

కొన్నేళ్ళకి ఆవిడకి నిజంగానే జబ్బు చేసింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి ఆస్పత్రిలో పెట్టారు. జబ్బు లొంగింది గానీ తిండి మానేసింది. ఇంగ్లండులో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోవాలని ఒకటే కలవరింత. డాక్టరేమో, ఏదైనా సరే తిని కాస్త ఓపిక తెచ్చుకుంటేనే విమానం ఎక్కనిస్తానన్నాడు. అమెరికా ఆయన తమ దేశంలో పిల్లలకి పెట్టే వేరుశనగ ముద్ద, జామ్ రాసిన బ్రెడ్డు తెచ్చాడు. ఆ జామ్‌ని ఆయన జెల్లీ అంటే కాదనడానికి కూడా ఆవిడ నోరు విప్పలేదు, అప్పుడు భయమేసింది మా అందరికీ. నేను చారన్నం తీసుకెళ్తే మొహం గోడవైపు తిప్పుకుంది. ఇంటికొచ్చి ఏడ్చాను.

ఏడుపు మధ్యలోనే తట్టింది. నాకు జ్వరమొస్తే నేను కోరేది మా అమ్మ చేతి తిండి కదా, ఆవిడ మాత్రం నా చారెందుకు అడుగుతుంది? మర్నాడు బ్రెడ్డుకి అంచులదాకా వెన్న రాసుకుని, విప్పని క్రిస్ప్స్ ప్యాకెట్‌తో వెళ్ళాను. జబ్బుమనిషికి చిప్స్ పెట్టడం మా అమ్మ చూసుంటే చీపురు తిరగేసేది. మంచం పక్కన బల్ల మీద పరిచి, అరచేత్తో నొక్కాను. ఆ కరకరకి ఆవిడ కళ్ళు తెరిచింది. నేను కంగారులో అడ్డంగా కోయబోతుంటే, నీరసంగా చెయ్యెత్తి ఆపింది.

“మూలనించి మూలకి,” అంది.

సగం తింది. సాయంత్రానికి మిగతా సగం కూడా తింది. ఆ తర్వాత మెల్లగా తేరుకుంది. విమానం ఎక్కించడానికి వెళ్ళినప్పుడు, ఇక నువ్వు బెంగపడకు, మీవాళ్ళ మధ్యకే వెళ్తున్నావుగా అని నేనంటే, చక్రాల కుర్చీలోంచి నా చెయ్యి పట్టుకుని ఒక మాట అంది.

“అక్కడ నేను బ్రెడ్డు తింటుంటే ఎవరూ కంగారుపడరు.”

కొన్నాళ్ళు ఫోన్లు వచ్చాయి, తర్వాత అవీ లేవు. ఇప్పుడు మా మనవరాలికి చిప్సూ క్రిస్ప్సూ ఫ్రైసూ, ఏ దేశంలో దేన్ని ఏమంటారో అన్నీ తెలుసు, ఎవరితోనూ పోట్లాడక్కర్లేదు. మా అబ్బాయి ఆఫీసులో ఎవరికి కావలసింది వాళ్ళు ఫోన్లో తెప్పించుకుని ఎవరి కంప్యూటర్ ముందు వాళ్ళే తింటారట. పక్కవాడి డబ్బాలోకి తొంగి చూడటం మర్యాద కాదట. నిజమే, నాకప్పుడు ఆ మర్యాద తెలీదు. తెలిసుంటే ఆవిడ ఎవరో నాకు తెలిసేది కాదు.

మొన్న మా మనవరాలు శాండ్‌విచ్‌ని అడ్డంగా కోయబోతే, చాకు తీసుకుని మూలనించి మూలకి నేనే కోశాను. సగం తను తీసుకుని, సగం నా చేతిలో పెట్టి ఫోను చూసుకుంటూ వెళ్ళిపోయింది. బల్ల దగ్గర కూర్చుని నెమ్మదిగా తిన్నాను. ఈ ఇంట్లో నేను బ్రెడ్డు తినగా చూసినవాళ్ళు లేరు. కోడలు అటూ ఇటూ తిరిగింది, అబ్బాయి వచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. అమ్మా, ఒంట్లో బాగాలేదా అని ఒక్కరూ అడగలేదు.