వకీలు లేకుండా వేసుకున్న కేసు

పోయిన ఆదివారం తెల్లాపూర్‌లో మా అక్క కూతురి ఫ్లాటుకు వెళ్లేసరికి, ఆ పిల్ల భోజనాల బల్ల మీద ఫోను పెట్టుకుని, మనిషితో మాట్లాడినట్టే దానితో మాట్లాడుతూ తన విడాకుల అర్జీ రాయించుకుంటోంది. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారట, ఇక వకీలు ఎందుకని అనుకున్నారట. ఫోను అడిగినదానికి ఈమె జవాబు చెబుతుంటే అర్జీ దానంతటదే తయారవుతోంది. ఇదేం విడ్డూరమని ఇంట్లోవాళ్లంతా ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు గానీ, నేను మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని మరీ చూశాను. ముప్పై ఏళ్ల కిందట సంగారెడ్డి కోర్టులో వకీలు లేకుండానే విడాకులు తీసుకున్నదాన్ని నేను, నాకు కాకపోతే ఇంకెవరికి ఉంటుంది ఆ కుతూహలం!

అప్పట్లో మేము పటాన్‌చెరులో ఒక గదీ వంటిల్లూ కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. ఆయన ఒక పెద్ద కార్ఖానాలో ఫిట్టరు. ఇప్పుడు మా ఆయన అనడానికి హక్కు లేదు, పరాయివాడు అనడానికి నోరు రాదు, కనుక ఉత్త ఆయన అనే అంటాను. నేను జిన్నారం వైపు ఒక మందుల కంపెనీలో మాత్రల ప్యాకింగు చేసేదాన్ని. ఆయనది ఎప్పుడూ రాత్రి షిఫ్టు, నాది పగలు. ఆయన సెలవు ఆదివారం, నా సెలవు బుధవారం. నేను వచ్చి తాళం తీసేసరికి ఆయన వెళ్లిపోయి ఉండేవాడు. పొద్దున ఆయన వచ్చేసరికి నేను కంపెనీ బస్సులో ఉండేదాన్ని. తాగుడు లేదు, కొట్టడం లేదు, అనుమానం అంతకన్నా లేదు. గిన్నెలో అన్నం తగ్గిందంటే ఆయన తిన్నాడని నాకు తెలిసేది, అంతే మా కాపురం. పిల్లలు కూడా కలగలేదు. విడిపోదామని మొదట ఎవరన్నారో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు, రెండోవాళ్లకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు.

ఆ మాట బయటికి పొక్కగానే మా అన్న నన్ను తనకు తెలిసిన వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు, ఆయన మేనమామ ఆయన్ని ఇంకో వకీలు దగ్గరికి తీసుకెళ్లాడు. ఏదో బంద్ వచ్చి ఇద్దరం ఇంట్లో ఉండిపోయిన రోజున, ఆ ఇద్దరు వకీళ్లు రాసిన కాగితాలు ముందేసుకుని చదువుకున్నాం. మా వకీలు లెక్కన ఆయన తాగొచ్చి నన్ను చావబాదేవాడు. వాళ్ల వకీలు లెక్కన నాకు మతి స్థిమితం లేదు. బీడీ కూడా ముట్టని ఆ మనిషి కాగితం కింద పెట్టి, "గింత తాగుబోతునా నేను, ఎన్నడు చెప్పకపోతివి?" అన్నాడు. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి పడీపడీ నవ్వింది అప్పుడేనేమో. నవ్వాం గానీ, నాకు లోపల భయం పట్టుకుంది. విడిపోయినా ఇద్దరం ఇదే పటాన్‌చెరులో, ఇవే కంపెనీ గేట్ల ముందు బతకాల్సినవాళ్లం. విడాకులు కావాలి, కానీ ఇద్దరిలో ఎవరూ చెడ్డవాళ్లం కాకుండా కావాలి. నేను పట్టుబట్టింది ఆ ఒక్కదానికే.

ఆ రోజుల్లో వారపత్రికల్లో న్యాయ సలహాలు వచ్చేవి, మీకు గుర్తుండే ఉంటుంది, సీరియల్ కన్నా ముందు ఆ పేజీ తిప్పేవాళ్లలో నేనొకదాన్ని. ఇద్దరికీ ఇష్టమైతే ఎవరి మీదా నేరం మోపకుండా కలిసే అర్జీ పెట్టుకోవచ్చనీ, వకీలు తప్పనిసరి కాదనీ అందులోనే చదివాను. ఇక నా బుధవారాలన్నీ సంగారెడ్డి కోర్టుకే అంకితం. వెనక బల్ల మీద కూర్చుని, ఎవరిని ఎలా పిలుస్తారో, ఎక్కడ నిలబడాలో, న్యాయమూర్తి కళ్లద్దాలు తీస్తే దాని అర్థమేమిటో చూస్తూ ఉండేదాన్ని. గట్టు తగాదాలు, మేకల తగాదాలు, అన్నదమ్ముల తగాదాలు. ఒక్కోసారి నేనెందుకు వచ్చానో మరిచిపోయి ఆ మేక చివరికి ఎవరిదని తేలుతుందా అని కూర్చుండిపోయేదాన్ని. వరండాలో వాయిదాకు వచ్చిన ఒక పెద్దామె, "వారం వారం వస్తున్నవ్, నీది ఏం కేసు బిడ్డా?" అని అడిగి, నేను చెప్పగానే, "మొగుడు మంచోడే అంటున్నవ్, మరి గీ కేసేంది?" అని నోరు తెరిచింది.

కోర్టు బయట టైపు చేయించుకున్న అర్జీతో ఇద్దరం న్యాయమూర్తి ముందు నిలబడ్డాం. మీ వకీలు ఎవరని అడిగారు, లేరన్నాం. ఏడాదికి పైగా వేరువేరుగా ఉంటున్నామని రాశారు కదా, ఏయే ఇళ్లల్లో ఉంటున్నారని అడిగారు. ఒకే గది అని చెప్పాను. కళ్లద్దాలు తీశారు. అంటే నమ్మలేదన్నమాట, బుధవారాల్లో నేను నేర్చుకున్న పాఠం అది. అయినా షిఫ్టుల సంగతంతా ఉన్నదున్నట్టు విప్పి చెప్పాను. కంపెనీ వేసిన షిఫ్టుకు కాపురం ఎందుకు చెడగొట్టుకుంటారు, మార్చమని అడగొచ్చు కదా అన్నారు న్యాయమూర్తి. అప్పుడు పక్కనుంచి ఆయన గొంతు వినిపించింది.

"కంపెనోళ్లు ఎయ్యలే సార్. నైట్ షిఫ్టు నేనే అడిగి ఏయించుకున్న. ఇంట్ల ఇద్దరం ఉంటే ఏం మాట్లాడాల్నో తెల్వది. ఆమె గూడ పరేషాన్ అయితది."

కంపెనీ వాళ్లు బలవంతంగా వేశారనే నాకు చెబుతూ వచ్చాడు అన్నేళ్లూ. నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? "ఆదివారం సెలవు బుధవారానికి నేనే మార్పించుకున్న సార్" అన్నాను. అప్పుడు ఆయన తల తిప్పి నా వంక చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు; కోపం కాదు, ఇన్నాళ్లకు ఒక తోడు దొరికిందన్నట్టు చూశాడు. వకీళ్లు ఉంటే మా తరఫున వాళ్లే మాట్లాడేవాళ్లు, ఆ రెండు మాటలూ మా నోటి నుంచి వచ్చేవి కావు. న్యాయమూర్తి కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత, చట్టం ఆరు నెలలు గడువు ఇచ్చింది, బాగా ఆలోచించుకుని రండి అని పంపేశారు.

ఆ ఆరు నెలలూ నా జీవితంలో ఒక వింత. ఆయన పగటి షిఫ్టుకు మారాడు, నేను ఆదివారం సెలవు మళ్లీ తీసుకున్నాను. సాయంత్రాలు టీ పెట్టుకుని కూర్చుంటే మాటలే మాటలు. ఆ రోజు న్యాయమూర్తి అలా ఎందుకన్నారు, రెండోసారి ఏమడుగుతారు, అడిగితే ఏం చెప్పాలి. ఆయన న్యాయమూర్తిలా గొంతు పెంచి అడగడం, నేను చేతులు కట్టుకుని జవాబివ్వడం. మా అక్క చూసి, మీరిద్దరూ కలిసిపోయారే అని మురిసిపోయింది. నాకూ అలాగే అనిపించసాగింది. ఒక ఆదివారం ఆయనే, కేసు ఊసెత్తకుండా ఇయ్యాల ఎటన్న పోదాం అన్నాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ గుడికి వెళ్లాం. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఎండ ఎక్కువగా ఉందన్నాను, అవునన్నాడు. దర్శనం చేసుకున్నాం, ప్రసాదం తిన్నాం, తిరుగు బస్సెక్కాం. దిగేదాకా ఇద్దరికీ ఇంకో మాట దొరకలేదు. ఇంటికొచ్చి తాళం తీస్తున్నప్పుడు ఆయన మెల్లగా, "కేసు లేకుంటే మనకు మాటల్లెవ్వు" అన్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆయన పక్కనే కూర్చున్నాడు.

రెండోసారి కోర్టులో ముందు నన్నే అడిగారు. విడాకులే కావాలన్నాను. ఆయన వంతు వచ్చింది. ఆయన ఒక్క మాట కాదంటే కేసు అక్కడితో పోయినట్టే. ఆయన వెంటనే పలకలేదు. ఆ కాస్త సేపు ఆయన ఏమంటే బాగుండునని నేను కోరుకున్నానో ఈ నాటికీ నాకు అంతు చిక్కలేదు. చివరికి, "ఆమె చెప్పిందే నా మాట సార్" అన్నాడు. ఎవరి మీదా ఏ నింద లేకుండా మాకు విడాకులు వచ్చాయి. బయటికొచ్చాక, "మంచిగ చెప్పినవ్" అన్నాడు. "నువ్వు గూడ" అన్నాను. ఒకే ఊరికి వేరువేరు బస్సులెక్కాం.

ఇప్పుడు నేను పనిచేసిన కంపెనీ లేదు, మేమున్న గది ఉన్నచోట ఏదో షోరూము లేచింది. అక్క కూతురు అర్జీ చదివి వినిపిస్తే అందులో ఒక్క తప్పూ లేదు. ఎవరి నోటా తడబడని భాష. ఆ పిల్ల భర్త బెంగళూరు నుంచి వీడియోలోనే హాజరవ్వొచ్చట, ఒకరి పక్కన ఒకరు నిలబడే పనే లేదట. మంచిదే, మాలాగా బస్సులు పట్టుకుని తిరిగే బాధ తప్పింది. పడుకునే ముందు ఆ పిల్ల, మీ ఆయన పేరు చెప్పు చిన్నమ్మా, ఎక్కడున్నాడో ఫోన్లో వెతుకుతా అంది. వద్దన్నాను. దొరికితే మాట్లాడటానికి ఇన్నేళ్ల తర్వాత మా ఇద్దరికీ ఒక సంగతి ఉంది నిజమే, ఈ పిల్ల కేసు. కానీ అది మాత్రం ఎన్నాళ్లు నడుస్తుంది?