ఏడున్నరేళ్ళ పోతు ఎవరిది

పెన్సిల్వేనియా ఉత్తర కొండలలో దుప్పుల వేట మొదలయ్యే రోజును సోమవారం నుంచి శనివారానికి మార్చి కొన్నేళ్ళయినా, ఎల్డన్ క్రాండల్ ఆ మార్పును ఇంకా అంగీకరించలేదు. థాంక్స్‌గివింగ్ పండుగ తరువాతి సోమవారం బడులకు సెలవిచ్చి, కర్మాగారాలు మూసి, ఊళ్ళకు ఊళ్ళు వేటగాళ్ళ నారింజరంగు కోట్లు తొడుక్కొని అడవికి తరలిన కాలం ఆయనకు తెలుసు. మార్పును ఖండిస్తూ వన్యప్రాణి శాఖకు పదకొండు ఉత్తరాలు వ్రాశాడు. ప్రతి ఉత్తరానికీ నకలు ఉంది. వచ్చిన జవాబులు మూడూ ఉన్నాయి. వాటిలో రెండు అక్షరం పొల్లుపోకుండా ఒకటేనని ఎర్రసిరాతో గీతలు గీసి మరీ భద్రపరిచాడు. అయినా ఈ ఏడాది శనివారం నాడు తెల్లవారకముందే కొండమీద ఉన్నాడు. కోపం వేరు, దుప్పిపోతు వేరు.

ఆయనకు డెబ్బయి మూడేళ్ళు. జిల్లా భూమి రికార్డుల కచేరీలో ముప్పయ్యొక్క సంవత్సరాలు గుమాస్తాగా పనిచేశాడు. ఆ కాలంలో ఎందరి పేరనో వేలాది ఎకరాలు రాసి ఇచ్చాడు కానీ, తన పేరన ఇల్లున్న స్థలం తప్ప మరేదీ రాసుకోలేదు. వేటకు ఆయనకున్నది సర్కారు అడవి ఒక్కటే, అందరి అడవి. చుట్టుపక్కల కొండలను వేట క్లబ్బులవాళ్ళు కొని, చెట్టుకొక నిషేధపు పలక కొట్టి, మొక్కజొన్న పోసి దుప్పులను మేపుతుంటే ఆయనకు ఒళ్ళు మండేది. కోళ్ళగూట్లో చేయి పెట్టడాన్ని కూడా వేట అనడానికి మనుషులకు నోరెలా వస్తుందో ఆయనకు అర్థమయ్యేది కాదు.

అందరి అడవిలో తెల్లతోక దుప్పిపోతు ముసలిది కావడం మాటలు కాదు. మొదటి కొమ్ములు మొలిచిన ఏడాదే సగం పోతులు వేటగాళ్ళ పాలవుతాయి. మూడో ఏడు దాటేవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. దాటిన పోతు మరి దుప్పిలా ఉండదు. మనుషులు ఏ దారిన వస్తారో, ఎక్కడ కూర్చుంటారో, ఎన్ని గంటలకు విసిగి సాండ్‌విచ్ పొట్లం విప్పుతారో మనుషులకన్నా దానికే బాగా తెలుసు.

అలాంటి పోతు ఒకటి అయిదేళ్ళుగా ఎల్డన్ నిద్రను తినేస్తున్నది. మొదటి వసంతంలో, పోతులు ఏటా చలికాలం చివర రాల్చుకునే కొమ్ములలో దానిది ఒకటి హెమ్‌లాక్ చెట్టు కింద దొరికింది. అప్పటికి దాని వయసు రెండున్నర అని ఆయన అంచనా. తరువాత ఏటా వెతికాడు, ఏటా దొరికాయి. ప్రతి కొమ్ముకూ దొరికిన చోటు, తేదీ, గాలి వాటం వ్రాసిన చీటీ కట్టి పెట్టాడు. కానీ పోతు మాత్రం కనిపించలేదు. నాలుగేళ్ళు రెండేసి మైళ్ళు లోపలికి నడిచి, మనిషి అడుగు పడని లోయలన్నీ గాలించాడు. చివరికి గడిచిన మార్చిలో, ఇంటికి మళ్ళుతూ, కార్లు నిలిపే ఖాళీజాగా పక్కన ముళ్ళపొద వెనక్కి లఘుశంకకు వెళ్ళినప్పుడు తెలిసింది. మంచులో దుప్పి ఒంటి ఆకారంలో పల్లాలు, పాతవీ కొత్తవీ. చుట్టూ మనిషి తొడంత లావు చెట్లకు కొమ్ములు రాసి ఒలిచిన బెరడు. కార్లనుంచి మూడు వందల అడుగులు. ఈ అయిదేళ్ళూ అది అక్కడే పడుకొని, ఒక్కో కారు తలుపు చప్పుడును విని, ఎవరెటు పోయారో తెలుసుకొని, అందరూ తనను దాటి లోపలికి వెళ్ళాక హాయిగా నెమరువేసుకుంటూ ఉన్నదన్నమాట. ఆ జాబితాలో తాను కూడా ఉన్నాడు కదా అని ఎల్డన్ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

అందుకే ఆ శనివారం ఆయన పొద జోలికి పోలేదు. రాత్రి తిరుగుడు ముగించుకొని ఉదయం పోతు పడకకు దిగివచ్చే దారిలో, రెండు శిఖరాల నడుమ ఉన్న కొండమెడ దగ్గర, వాయవ్యపు గాలికి మొహం పెట్టి కూర్చున్నాడు. ఏడు గంటలకు పది నిమిషాలుండగా అది వచ్చింది. కనిపించిన క్షణంలో ఆయనకు కొమ్ములు కాదు, మెడ కనిపించింది, ఎద్దుమెడ. తుపాకీ పేల్చాడు. పోతు ముందుకు తూలి, తోక అణచుకొని, పల్లంలోకి దూకింది.

ఆయన వెంటపడలేదు. దెబ్బతిన్న దుప్పిని వెంటనే తరిమితే మైళ్ళు పోతుంది. వదిలితే దగ్గరలోనే పడుకుంటుంది. గడియారం తీసి అరగంట లెక్క పెట్టుకొని కూర్చోవడం వాళ్ళ నాన్ననాటి నియమం. పందొమ్మిదో నిమిషంలో కింద, సరిగ్గా పొద వైపునుంచి, ఇంకొక తుపాకీ పేలింది.

ఎల్డన్ తక్కిన పదకొండు నిమిషాలు కూర్చోలేదు.

మంచుమీద నెత్తుటి చుక్కలు చిన్నవి. ఎడమెడంగా ఉన్నాయి. ఆ సంగతి ఆయన కళ్ళు చూశాయి, మనసు మాత్రం చూడనన్నది. దిగి వెళ్ళేసరికి ముళ్ళపొద పక్కన పోతు పడి ఉంది. దాని తలదగ్గర మోకాళ్ళమీద కూర్చున్న ఒక స్త్రీ, పెన్సిలు మొన నాలికకు తాకించుకుంటూ వేటాడినవాళ్ళు దుప్పి చెవికి కట్టవలసిన చీటీమీద పేరు రాస్తున్నది. ముప్పై అయిదేళ్ళుంటాయి. కోటు కింద కర్మాగారపు నీలం చొక్కా కనిపిస్తున్నది.

"ఆగమ్మాయ్! ఆ చీటీ కట్టకు. అది నా పోతు."

"మీదా?" ఆమె తల ఎత్తింది. "చెవిమీద మీ పేరేం లేదే పెద్దాయనా."

"నా గుండు తగిలింది. నెత్తుటి జాడ పట్టుకునే వచ్చాను. కొండమెడ దగ్గర్నుంచి ఇక్కడిదాకా చూసుకో."

"తగిలిందండీ, కాదన్లేదు. కానీ నా ముందుకొచ్చినప్పుడు ఇది పెళ్ళికి పోతున్నట్టు గెంతుకుంటూ వచ్చింది. నేను కొట్టాక రెండడుగులు వేసి పడింది."

"నువ్విక్కడ ఎందుకు కూర్చున్నావసలు? ఈ చోటు నీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? రాత్రి షిఫ్టు ఆరింటికి దిగాను. లోపలికి నడిచే ఓపికా లేదు, టైమూ లేదు. కారు తలుపు గట్టిగా వేస్తే అందరూ తిడతారని తీసే ఉంచి, ఈ మొద్దు మీద కూలబడ్డాను."

ఆ తలుపు సంగతి ఎల్డన్‌కు గుండుదెబ్బకన్నా గట్టిగా తగిలింది. తలుపు చప్పుడు వినబడలేదు కనుక పోతు లెక్కలో ఈ ఒక్క మనిషి రాలేదు. అయిదేళ్ళ గాలివాటాలు, పాదముద్రల కొలతలు ఒకవైపు. మూయని కారు తలుపు ఒకవైపు.

"అయిదేళ్ళు తిరిగాను దీని వెనక," అన్నాడాయన. "దీని రాలిన కొమ్ములన్నీ నా దగ్గరున్నాయి. దీనికిప్పుడు ఏడున్నరేళ్ళు."

"బర్త్ సర్టిఫికెట్ కూడా ఉందేంటండీ?"

ఆమె పేరు మార్నీ పెచ్‌కో అని, లోహపుపొడితో యంత్రభాగాలు అచ్చుపోసే కర్మాగారంలో పని అని, ఆ తరువాతి రెండు నిమిషాలలో తెలిసింది. ఇద్దరూ కలిసి పోతును పక్కకు తిప్పారు. మార్నీ గుండు భుజం వెనుక దిగి, ఊపిరితిత్తులగుండా పోయింది. ఎల్డన్ గుండు ఛాతీ కింద రోమాలను గొరిగి, వేలెడు పొడవున చర్మాన్ని చీరిపోయింది. ఆయన ఆ గీతలో వేలు పెట్టి చూశాడు. గోరులోతు కూడా లేదు.

"చూశారుగా," అన్నది మార్నీ నెమ్మదిగా.

"లోతుతో పని లేదు. మొదట ఎవరి గుండు నెత్తురు తీస్తే దుప్పి వాళ్ళది. మా నాన్నా స్నేహితులూ కలిసి పెట్టుకున్న వేటశిబిరం నియమం. వ్రాతపూర్వకంగా ఉంది."

"మా నాన్న వైపు లెక్క వేరండీ. ఎవరి దెబ్బకు చస్తే వాళ్ళది. రాసిపెట్టలేదనుకోండి. ఎక్కడుంది మీ కాగితం?"

"నా బండిలో."

"అడవిలోకి కాగితాలు తెచ్చుకున్నారా!" ఆమె నవ్వేసింది. "సరే పదండి. ఎలాగూ బండిదాకా లాగాలిగా. మీరో కొమ్ము, నేనో కొమ్ము."

"చీటీ కట్టకుండా దుప్పిని కదపడం చట్టవిరుద్ధం."

"కట్టొద్దన్నది మీరేగా!"

ఎల్డన్ ఒక క్షణం ఆలోచించాడు. "నా అభ్యంతరం ఉందని గుర్తుపెట్టుకొని కట్టు," అన్నాడు.

పేగులు తీసి, చెరొక కొమ్మూ పట్టుకొని కార్ల దగ్గరికి లాగుకుంటూ వచ్చేసరికి రాయ్స్ ఫిట్చ్ తన బండిలో కాళ్ళు చాపుకొని కాఫీ తాగుతున్నాడు. చిన్ననాటినుంచి ఎల్డన్‌కు వేటలో తోడు అతడే. తుంటి ఎముకలు రెండూ మార్పించుకున్నాక రాయ్స్ వేట అంటే బండి అద్దంలోనుంచి అడవిని చూడడమే.

"ఏరా ఎల్డన్, ఆడపిల్ల చేత మోయిస్తున్నావా?"

"ఇది తగాదాలో ఉన్న ఆస్తి," అన్నాడు ఎల్డన్. తన బండిలోని ఇనుపపెట్టె తెరిచి, శిబిరపు పుస్తకం తీసి, పోతును చూడవచ్చిన నలుగురైదుగురు వేటగాళ్ళు వినేలా మొదటి పుట చదివాడు. యాభై ఎనిమిదో సంవత్సరంలో ఆయన తండ్రి చేవ్రాతతో ఉన్న నియమం అది. మొదట నెత్తురు తీసినవానిదే దుప్పి. కింద ఆరు సంతకాలు. వాటిలో రాయ్స్ తండ్రిది కూడా ఉంది.

"అయిందా?" అన్నాడు రాయ్స్. "ఇప్పుడు ఎనభై నాలుగో సంవత్సరం తియ్యి."

ఎల్డన్ పుస్తకం మూయబోయాడు.

"తియ్యరా. నీ రాతేగా. ముత్యాల్లా ఉంటుంది."

మంచులో అందరూ నిలబడి ఉన్నారు. ఎల్డన్ పుట తిప్పాడు. ఒక్క మాట కూడా మింగకుండా చదివాడు: "మొదటి నెత్తురు రాయ్స్‌ది. అయితే అతని గుండు తొడపై చర్మానికి మాత్రమే తగిలినది. ఆ గాయముతో దుప్పి మరణించెడిది కాదు. కావున దుప్పి నాదిగా తీర్మానించడమైనది."

ఆ దుప్పి కొమ్ములు దాదాపు నలభై ఏళ్ళుగా ఎల్డన్ ముందుగదిలో వేలాడుతున్నాయి. రాయ్స్ ప్రతి క్రిస్‌మస్‌కూ వాటికింద కూర్చొని కేకు తింటున్నాడు.

"తీర్మానించడమైనది!" రాయ్స్ నవ్వాడు. "రెండు దార్లున్నాయిరా నీకు. మీ నాన్న రాసింది సరైనదంటే ఈ పోతు నీది, నా కొమ్ములు నాకిచ్చెయ్. నువ్వు రాసింది సరైనదంటే కొమ్ములుంచుకో, పోతు అమ్మాయిది. మాకు చెప్పు, అన్నీ చదివినవాడివి."

"గాయం ప్రాణాంతకం కాకపోతే హక్కు ఉండకూడదు," అన్నాడు ఎల్డన్. "అదే న్యాయం. దీనికి తగిలింది గోరులోతు లేదు. నేను వేలు పెట్టి చూశాను. వారంలో మానిపోయేది."

"నాదానికి పెట్టి చూశావా?"

రాయ్స్ ఈసారి నవ్వలేదు. కప్పులో కాఫీవైపు చూస్తూ అడిగాడు.

ఇన్నేళ్ళలో ఎల్డన్‌ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆనాటి దుప్పి తొడ, దానిమీద గడ్డకట్టిన నెత్తురు, దానికెంత దూరంగా నిలబడి తాను పుస్తకంలో వ్రాశాడో ఆయనకు స్పష్టంగా గుర్తుంది. పదిమంది ఆస్తులకు సాక్ష్యంగా నిలిచే పత్రాలు వ్రాసిన చేతితోనే వ్రాశాడు. చూడనిదాన్ని చూసినట్టు వ్రాశాడు.

"లేదు," అన్నాడు. "చూడలేదు."

ఎల్డన్ మార్నీ చేతిలోని పెన్సిలు వద్దని, జేబులోంచి కలం తీసి, నోటి ఆవిరితో వేడిచేశాడు. కచేరీలో దిద్దుబాటు చేసే పద్ధతి ఒకటే: పాతదానిని చెరపకూడదు, కొట్టివేయకూడదు. అంచులో "గాయమును పరీక్షించలేదు" అని వ్రాసి, ఈ శనివారం తేదీ వేసి, సంతకం పెట్టి, పుస్తకాన్ని రాయ్స్‌కు అందించాడు. సాక్షిగా రాయ్స్ సంతకం పెట్టాడు.

"ఆ కొమ్ములు సోమవారం తెచ్చిస్తాను."

"నాకెందుకురా? దుమ్మెవడు దులుపుతాడు?" అన్నాడు రాయ్స్. కాసేపాగి, "తీసుకురా," అన్నాడు.

అందరూ కలిసి పోతును మార్నీ బండిలోకి ఎత్తారు. ఆమె సగం మాంసం ఇస్తానన్నది, ఎల్డన్ వద్దన్నాడు. కానీ వెళ్ళిపోలేదు. చలిలో చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"ఏమైనా కావాలా క్రాండల్ గారూ?"

"కింది దవడలో ముందుపళ్ళు రెండు," అన్నాడాయన, అప్పు అడిగేవాడిలా మొహమాటపడుతూ. "ప్రయోగశాల ఒకటుంది. పంటివేరును కోసి, చెట్టుకు లెక్కపెట్టినట్టు వలయాలు లెక్కపెట్టి వయసు చెబుతారు. అంచనా కాదు. ఖాయంగా."

ఆమె అడ్డు చెప్పలేదు. ఆయనే చాకుతో చిగుళ్ళను విడదీసి పళ్ళు తీశాడు; పోతు పెదవిని తిరిగి సరిచేసి, ఒక క్షణం దాని ముట్టెమీద అరచేయి ఆనించి ఉంచాడు. కొలవడానికో లాగడానికో కాకుండా దాన్ని తాకడం ఆ ఒక్కసారే. ఇనుపపెట్టెలోంచి ప్రయోగశాల దరఖాస్తు తీసి, బండి మూతమీద పరిచాడు. వేటాడినవారి పేరు. మార్నీ పెచ్‌కో అని, అక్షరాలు సరిచూసుకొని, వ్రాశాడు. ఫలితం పంపవలసిన చిరునామా.

"మీదే రాయండి," అన్నదామె. "నాకు కాగితాలు పోగొట్టుకోవడమే పని. మీ దగ్గరైతే పదిలంగా ఉంటుంది."

కలం కాగితంమీద ఆగింది. అయిదేళ్ళ కొమ్ములు, చీటీలు, కొలతలు అన్నీ కలిసి ఎదురుచూసింది ఈ ఒక్క కాగితం కోసమే. మిగిలిన పత్రాలన్నిటికీ ఇది ముద్ర వంటిది.

"దుప్పి నీది. దాని పత్రం నీ ఇంటికే రావాలి," అన్నాడు ఎల్డన్. "చెప్పు, ఏ వీధి?"

ఆమె చెప్పింది. ఆయన వ్రాశాడు. పళ్ళు పెట్టిన కవరును అంటించి ఆమెకే ఇచ్చాడు, సోమవారం తపాలాలో వేయమని రెండుసార్లు చెప్పాడు.

"ఏడున్నర కాకపోతే ఏంచేస్తారు?" అడిగింది మార్నీ బండి ఎక్కుతూ.

"వాళ్ళకు ఉత్తరం రాస్తాను."

బండి కదిలింది. చెట్లమధ్య మలుపు తిరిగేదాకా వెనుక కొమ్ముల కొసలు కనిపిస్తూనే ఉన్నాయి. రాయ్స్ రెండో కప్పు కాఫీ పోసి అందించాడు. ఎల్డన్ దాన్ని తీసుకొని, తన అలవాటు ప్రకారం ఆ దరఖాస్తుకు నకలు తీసుకోలేదని అప్పుడు గ్రహించాడు. అయినా కప్పు కింద పెట్టి ఆమె వెంట పరుగెత్తలేదు.