శుక్రవారం నాడు అడిగిన మాట

ఆ శుక్రవారం పొద్దున నేను దీపం పెట్టి హారతి పళ్లెం కింద పెట్టేలోపే, మా మేడ మీది గదిలో అద్దెకుంటున్న చైనా అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. చేతుల్లో తన రైస్ కుక్కర్. తోమి, తుడిచి, వైరు చక్కగా చుట్టి ఉంది. దాన్ని రెండు చేతులతో నా ముందుకు చాపింది.

"ఆంటీ, ఇది మీకు."

"నాకెందుకు బిడ్డా?"

"మీది పాతదయింది కదా. దీంట్లో అన్నం అడుగంటదు."

మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. ఆమెది ఒక రకం ఇంగ్లీషు, నాది ఇంకొక రకం. నాకు ఎట్లా వినిపించిందో అట్లాగే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆంటీ అని పిలవడం మాత్రం ఆమెకు ఎవరూ నేర్పలేదు. తల్లి వయసు ఆడవాళ్లను వాళ్ల దేశంలోనూ అట్లాంటి వరసతోనే పిలుస్తారట.

శుక్రవారం పూట, వెలుగుతున్న దీపం ముందు, ఒక ఆడపిల్ల రెండు చేతులతో వస్తువు తెచ్చి ఇస్తే అది నాకు వాయనంలాగే తోచింది. వాయనాన్ని కాదనకూడదు. అందుకుని కళ్లకద్దుకున్నాను. మన పద్ధతులేవీ తెలియని పిల్ల చేత కూడా అమ్మవారు ఇది ఇప్పించిందని మనసు నిండిపోయింది. ఆమె చిన్నగా నవ్వి మెట్లెక్కి వెళ్లిపోయింది. పైన తలుపు పడిన చప్పుడు వినిపించింది.

మాది షెఫీల్డ్‌లో కొండవాలు మీద ఉన్న వరుస ఇళ్లలో ఒకటి. మా వారు ఆసుపత్రి ఆఫీసులో పని చేస్తారు. పై గదిని యూనివర్సిటీ పిల్లలకు అద్దెకిస్తుంటాం. ఈమె సెప్టెంబరులో మాస్టర్స్ చదవడానికి వచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గరే విడుస్తుంది, ఫ్లాస్కులో వేడినీళ్లు పోసుకుని రోజంతా అవే తాగుతుంది. దేవుడి దయవల్ల మన ఇంట్లో కలిసిపోయే పిల్ల దొరికిందని నేను సంతోషించాను. క్రిస్మస్ తర్వాత మాటలు తగ్గాయి. చలికి అందరం ముడుచుకుపోతాం కదా, చదువు ఒత్తిడి కూడా ఉంటుందిలే అనుకున్నాను.

వాయనం తీసుకున్నాక బదులు ఏదో ఒకటి పెట్టాలి. పళ్లెంలో రెండు అరటిపళ్లు, ఒక గిన్నెలో అప్పుడే దించిన పరమాన్నం పెడుతుంటే మా అమ్మాయి వంటింట్లోకి వచ్చింది. బడికి మధ్యలో ఇచ్చే వారం రోజుల హాఫ్ టర్మ్ సెలవులు. పదిహేనేళ్ల పిల్ల, పైజామాలోనే నిలబడి పాలల్లో కార్న్‌ఫ్లేక్స్ తింటోంది. నేను తెలుగులో అడుగుతాను, తను ఇంగ్లీషులో జవాబిస్తుంది. మా ఇంట్లో మాటలు ఎప్పుడూ అట్లాగే నడుస్తాయి.

"మమ్, అది తన కుక్కర్ కదా? ఇక్కడెందుకుంది?"

"ఇచ్చిందే నాకు. చూడు ఎంత ముద్దుగ తోమి తెచ్చిందో."

స్పూను గిన్నెలోనే ఆగిపోయింది.

"నాకు మొన్న హెడ్‌ఫోన్స్ ఇచ్చింది. కొత్తవి. వాడుకోను, తీసుకో అంది."

"మంచి పిల్ల. నువ్వే ఏమిస్తలేవు ఎవ్వరికి."

"మమ్, ఆగు. తన కోటు ఎక్కడుంది? హుక్‌కి లేదు."

కోటు సంగతి నాకు తెలుసు. ఆ వారంలోనే ఒక పెద్ద సంచి, పాత బట్టలు దానంగా తీసుకునే చారిటీ షాపుకు తీసుకెళ్తుంటే తలుపు పట్టుకుని పంపింది నేనే. సంచిలోంచి కోటు చెయ్యి బయటికి వేలాడుతూ కనిపించింది. కొత్తది కొనుక్కుందేమో అనుకున్నాను.

"ఫిబ్రవరిలో కోటు ఎవరైనా ఇచ్చేస్తారా?" అంది మా అమ్మాయి.

నేను కుక్కర్ వైపు చూశాను. రెండు పూటలా అన్నం లేకపోతే గడవని పిల్ల అది. ఈ పూట దేంట్లో వండుకుంటుంది? రేపు దేంట్లో వండుకుంటుంది?

"స్కూల్లో చెప్పారు మమ్. ఎవరైనా ఇట్లా తమ వస్తువులన్నీ పంచేస్తుంటే ఊరుకోకూడదు, అడగాలి. సూటిగా అడగాలి, చనిపోవాలనుకుంటున్నావా అని."

"ఛీ, నోర్ముయ్! శుక్రవారం పూట దీపం ముందట ఏం మాటలే అవి!"

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని ఇంట్లోనే ఉంచారు. అక్షరాలూ లెక్కలూ మా నాన్న చెప్పాడు, మిగతావన్నీ మా నానమ్మ చెప్పింది. తథాస్తు దేవతల సంగతి అందరికంటే ముందు చెప్పింది ఆమే. వాళ్లు ఇంటి చుట్టూ తిరుగుతూనే ఉంటారు, మన నోట ఏ మాట వస్తే దానికి తథాస్తు అంటారు. అందుకే మా ఇంట్లో బియ్యం అయిపోయాయని కూడా అనేవాళ్లం కాదు, నిండుకున్నాయనేవాళ్లం. ఎవరికి జ్వరం వచ్చినా ఒళ్లు వెచ్చగా ఉందనడమే. యాభై ఏళ్లు దగ్గరపడుతున్నా చావు అనే మాట నా ఇంట్లో నా నోటితో అన్నది లేదు.

"అడిగితే నిజమైపోతుందా మమ్? అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అది ముందే ఉంటుంది. మా టీచర్ చెప్పింది."

"నువ్వే అడుగు అయితే."

"నాకు చెప్పదు. నిన్ను ఆంటీ అంటుంది." పళ్లెం తీసి నా చేతికిచ్చింది. "ప్లీజ్ మమ్. ఇప్పుడే వెళ్లు."

పళ్లెం పట్టుకుని మెట్లెక్కాను. ఎక్కుతున్నంతసేపూ పళ్లెంలో గిన్నె కదిలి చప్పుడు చేస్తూనే ఉంది. తలుపు తట్టాను.

"పడుకున్నా ఆంటీ. తర్వాత వస్తాను."

"ఒక్క నిమిషం తీయి బిడ్డా."

"తర్వాత."

"మా పద్ధతొకటి ఉంది. నీ దగ్గర తీసుకున్నంక నేను ఏదన్న ఇయ్యాలె. ఇయ్యకపోతే నాకు దోషం. నా కోసం తీయి."

అమ్మా, తల్లీ, తలుపు తెరిపించు అని లోపల అనుకుంటూ నిలబడ్డాను. చివరికి గడియ కదిలింది.

ఆమె పళ్లాన్ని రెండు చేతులతో తీసుకుంది, థాంక్యూ అంది, మళ్లీ తలుపు మూయబోయింది. నేను కాలు అడ్డం పెట్టాను. జన్మలో ఎవరి గుమ్మంలోనూ అట్లా చేసి ఎరగను. లోపలికి నడిచి కార్పెట్ మీద చతికిలబడ్డాను.

గోడల మీద బొమ్మలు లేవు. దుప్పట్లు మడత పెట్టి మంచం చివర పెట్టి ఉన్నాయి. పెట్టె మాత్రం సర్దలేదు, అది బీరువా మీదే ఖాళీగా ఉంది. బల్ల మధ్యలో ఒక్కటే వస్తువు, మా ఇంటి తాళంచెవి.

"ఊరికి పోతున్నవా?"

తల అడ్డంగా ఊపింది.

కింద దీపం వెలుగుతూనే ఉంది. దేవతలెవరైనా వింటుంటే, ఇది నేను కోరుకుంటున్న మాట కాదు, అడుగుతున్న మాట, తేడా మీకు తెలియకుండా ఉండదు అని మనసులో వాళ్లకే చెప్పుకున్నాను. తర్వాత అడిగాను.

"చచ్చిపోవాలనుకుంటున్నవా బిడ్డా?"

ఆమె పళ్లెం పట్టుకునే నిలబడింది. గిన్నె ఒక పక్కకు జారుతుంటే నేను లేచి పళ్లెం తీసుకుని బల్ల మీద పెట్టాను. అప్పటికి ఆమె నేల మీద కూర్చుండిపోయింది.

"మా ఇంట్లో కూడా ఆ మాట అనరు ఆంటీ," అంది. ఆ తర్వాత, "అవును," అంది.

నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పింది. డిసెంబరు నుంచి క్లాసులకు వెళ్లడం లేదు. రెండు సబ్జెక్టులు పోయాయి. వారం వారం తల్లితో వీడియోలో మాట్లాడేది లైబ్రరీ మెట్ల మీద నుంచి. వెనక లైబ్రరీ కనిపించేలా ఫోన్ పట్టుకుని, నవ్వి, బాగా చదువుతున్నానని చెప్పి, లోపలికి వెళ్లకుండా తిరిగి వచ్చేది. దూరాన ఉన్న పిల్లలు ఇంటికి మంచి వార్తలే చెప్పాలని, చెడ్డవి తమ దగ్గరే ఉంచుకోవాలని వాళ్ల దేశంలో అలవాటట. ఒక్కతే కూతురు.

"అమ్మకు చెప్పకండి ఆంటీ. ఏదైనా చేయండి. అమ్మకు మాత్రం వద్దు."

"ముందు డాక్టర్ దగ్గరికి పోదాం."

"వద్దు. రికార్డులో రాసేస్తారు. యూనివర్సిటీకి చెప్తారు. వీసా పోతుంది. అమ్మకు తెలుస్తుంది." ఎటు తిప్పినా చివరికి అమ్మ దగ్గరికే వస్తోంది.

తలుపు బయట మా అమ్మాయి నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అప్పటికే సర్జరీకి, అంటే మా డాక్టరు క్లినిక్‌కి, ఫోన్ కలిపి ఉంది. తనే మాట్లాడింది, ఒక్క ముక్క దాచకుండా. రిసెప్షన్‌లో ఉన్నామె వివరాలు అడగడం మధ్యలోనే ఆపి, "ఇప్పుడే తీసుకురండి" అంది. తర్వాత అక్కడ చూసిన ఆమె ముఖం నాకు సరిగా గుర్తులేదు కానీ ఇప్పటికీ పూజలో ఆమెను తలచుకుంటాను.

నా శాలువా ఆమెకు కప్పి, ఒక పక్క నేను, ఇంకో పక్క మా అమ్మాయి చేతులు పట్టుకుని కొండ దిగాం. నేల జారుతోంది. ట్రామ్ పట్టాలు దాటేటప్పుడు నేను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే, "నొప్పి పుడుతోంది ఆంటీ," అంది. అయినా వదల్లేదు.

డాక్టరు చిన్న వయసామె. ఎక్కడా తొందరపడలేదు. ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప నువ్వు ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పను, మీ అమ్మకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం అంది. మందులు రాసి, మానసిక వైద్య బృందంతో మా ఎదుటే ఫోన్‌లో మాట్లాడింది. వాళ్లు శనివారం ఇంటికి వచ్చి చూస్తారు. అందాకా ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలొద్దంది.

సాయంత్రం మా వారు డ్యూటీ నుంచి వచ్చి అంతా విన్నారు. టై విప్పకుండానే వంటింట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టారు.

"తల్లిదండ్రులకు చెప్పకుంట ఎట్లనే? ఆ అమ్మాయి ఫోన్ తీసుకో, నేనే చేస్త. రేపు ఏమన్నా అయితే మనం ఏం జవాబు చెప్తం?"

"ఏమన్నా అయితే అనకండి."

"పొద్దున అంత పెద్ద మాట నువ్వు అడిగినవ్. నేను ఈ మాట కూడ అనొద్దా?"

"మీరు ఫోన్ చేస్తే ఆ పిల్ల మళ్ల నోరు విప్పదు. డాక్టరమ్మ చెప్పింది, దాని ఇష్టమని."

"ఆమెకేం, చెప్పి పోతది. ఇల్లు మనది."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నిన్న లేని మనిషి మా ఇంట్లో ఇవాళ కొత్తగా ఉన్నట్టు, అందరం గొంతులు తగ్గించి తిరిగాం. ఆమె మా అమ్మాయి గదిలో పడుకుంది. మేం వంతులు వేసుకుని కూర్చున్నాం. ఆమెకు తెలుగు రాకపోయినా, మా గొంతులనూ మధ్యలో ఫోన్ అన్న మాటనూ గోడల వెనక నుంచి విని సంగతి పట్టుకుందని మర్నాడు పొద్దున తెలిసింది.

"నేనే చెప్తాను అమ్మకు," అంది. "మీరు పక్కన ఉండండి. నేను ఆపేస్తే మళ్లీ మొదలుపెట్టించండి."

వంటింటి బల్ల మీద పప్పు డబ్బాకు ఫోన్ ఆనించి పెట్టింది. అక్కడ సాయంత్రం. తల్లి వంటింట్లోనే ఉంది, వెల్లుల్లి ఒలుస్తోంది. నా ఈడు మనిషే. కూతుర్ని చూడగానే నవ్వింది. కూతురు కూడా నవ్వబోయింది, అలవాటైన నవ్వు. అది సగంలోనే ఆగిపోయింది. తల్లి ఏదో అడిగింది. వెనక లైబ్రరీ ఏది అని కావచ్చు. నన్ను చూపించి ఎవరని కావచ్చు. నేను పిల్ల వీపు మీద చెయ్యి వేశాను.

మొదలుపెట్టింది. నాకు ఒక్క మాట అర్థం కాదు. అందుకని తల్లి చేతులే చూస్తూ కూర్చున్నాను. వెల్లుల్లి ఒలవడం ఆగింది. తర్వాత గొంతు పెరిగింది. తిడుతోందని తెలుస్తూనే ఉంది. పక్కన పిల్ల భుజాలు ముడుచుకుపోతున్నాయి. తల్లీ, ఒక్క మాట తప్పు పడితే నీ బిడ్డ చెయ్యి జారుతుంది, చూసి మాట్లాడు అని ఆ తెరలోని మనిషికే మొక్కాను. అట్లా మనిషికి మొక్కడం అదే మొదటిసారి.

ఉన్నట్టుండి తెర తిరిగిపోయింది. ఫోన్ పడిపోయినట్టుంది. పైకప్పు, ఒక ట్యూబులైటు తప్ప ఏమీ కనిపించడం లేదు. నీళ్ల చప్పుడు, దాని వెనక ఏడుపో దగ్గో. పిల్ల ఫోన్ కట్ చేయబోయింది.

"ఆగు," అని ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"అమ్మ లేచి వెళ్లిపోయింది ఆంటీ. ఇక మాట్లాడదు."

"ఆగమంటున్న కదా."

ట్యూబులైటునే చూస్తూ కూర్చున్నాం. మా వారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చాలాసేపటికి తెర కదిలింది. తడి ముఖంతో తల్లి వచ్చింది. ఏవో రెండు మూడు మాటలంది, అంతే.

"ఏమంటుంది?"

పిల్ల ఫోన్ మీంచి వేలు తీసేసింది. "కట్ చేయకు అంటోంది. మాట్లాడకపోయినా సరే, కట్ చేయకు అంటోంది."

కట్ చేయలేదు. రెండు రాత్రులు నిద్రలేని పిల్ల కాసేపటికి ముందు గదిలో సోఫా మీద వాలిపోయింది. ఫోన్‌ను ఆమె కనిపించేలా తిప్పి పెట్టి ఛార్జర్ గుచ్చాను. తల్లి స్టవ్ ఆర్పేసి, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. నేను తుంచడానికి బీన్స్ తెచ్చుకుని ఇటు కూర్చున్నాను. ఆమెకు నా మాట రాదు, నాకు ఆమె మాట రాదు. మా మధ్య ఆ పిల్ల ఊపిరి తీస్తోంది. పిల్ల కదిలినప్పుడల్లా ఆమె ముందుకు వంగుతుంది, నేను చేతిలో పని ఆపుతాను. ఒకసారి ఆమె తన కళ్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టి చూపించింది. చూస్తే, కిటికీలోంచి ఎండ పిల్ల ముఖం మీద పడుతోంది. లేచి బ్లైండ్ దించాను. ఆమె తల ఊపింది కానీ వెనక్కి జరగలేదు.

అప్పుడే వీధి బెల్ మోగింది. శనివారం వస్తామన్న మానసిక వైద్య బృందం వాళ్లు. తల్లి ఉలిక్కిపడి తెరకు మరీ దగ్గరగా వచ్చింది, ఏమిటన్నట్టు. చెప్పడానికి నా దగ్గర మాట లేదు. ఛార్జర్ తీసేసి, ఫోన్‌ను చేతిలోకి తీసుకుని, తెరలోని ఆ తల్లిని కూడా వెంటబెట్టుకుని తలుపు తీయడానికి వెళ్లాను.