రెండు మెట్ల మధ్య స్వరం

లిఫ్టులు బాగుచేసే ఆవిడకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అందులో సగం ఒక్క మనిషి కోసమే దాచిపెట్టుకుంది. ఆవిడ తల్లి ఒకప్పుడు పాడిన బృందానికి ఆయన సంగీతం మాస్టారు.

అమ్మ బట్టలు కుట్టేది. ఆమె పాటలో ఒక స్వరం పియానో మీద రెండు మెట్ల మధ్య పడేది. తన తల్లి నోట అలాగే నేర్చుకుంది మరి. మాస్టారు పదిమంది ముందూ, "మీరు నోరు మాత్రం కదపండమ్మా, చాలు" అన్నారు. ఆ రోజుతో అమ్మ పాట మానేసింది. ఇంట్లో కూనిరాగం కూడా లేదు. పద్దెనిమిదేళ్లు!

ఇదెక్కడి న్యాయం? రెండంతస్తుల మధ్య లిఫ్టు నిలబడితే తప్పుగానీ, రెండు మెట్ల మధ్య గొంతు నిలబడితే తప్పేమిటి?

కూతురు పట్టుబట్టి మాడ్యులర్ సింథసైజర్ ఒకటి కూర్చింది. విడివిడి పలకలను తీగలతో కలిపితే మోగే పెట్టె అది. భోజనాల బల్ల నిండా తీగలే. దానికి తగిలించిన మిడి కీబోర్డు నుంచి పిచ్ బెండ్, అంటే స్వరాన్ని వంచే సంకేతం, పంపితే మెట్టు మీది స్వరం వెంట్రుకవాసి పక్కకు జరుగుతుంది. మొదటిసారి స్వరంతోపాటు కింద మోగుతున్న శ్రుతి కూడా జారిపోయింది. రెండింటినీ ఒకే ఛానల్‌లో, అంటే సంకేతాలు వెళ్లే ఒకే దారిలో, పెట్టింది మహాతల్లి! బెండ్ ఆ ఛానల్ మొత్తానికీ పడుతుంది. తనను తానే నాలుగు తిట్టుకుని, శ్రుతికి వేరే ఛానల్ ఇచ్చింది.

వంటింటి గుమ్మంలో అమ్మ చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"ఇంకాస్త కిందికే" అంది.

కూతురు తగ్గించింది.

"ఊహూఁ, ఇంకొంచెం... ఆఁ, అక్కడే."

ఆ తర్వాత తనకు తెలియకుండానే గొంతు కలిపింది. కూతురు తలెత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని భయం.

ఆదివారం ఇద్దరూ పెట్టె మోసుకుని బృందం సాధన చేసే హాలుకు వెళ్లారు. పెట్టె వాయించగానే మాస్టారు మొహం చిట్లించారు.

"అపస్వరం. ఆ యంత్రాన్ని సరిచేసి తీసుకురామ్మా."

"సరిచేసే తెచ్చాను మాస్టారూ. మీ పియానోకే ఆ స్వరం చేతకాదు."

అమ్మ పాట ఎత్తుకుంది. ఆ స్వరం రాగానే మాస్టారు తన గొంతు పెంచి, ఆమెను పై మెట్టుకు లాగబోయారు. వెనకటికైతే తడబడేదే. ఇప్పుడు పెట్టె కదల్లేదు, ఆమె అంతకన్నా కదల్లేదు. చరణం ముగించి ఆయనవైపు తిరిగింది.

"మాస్టారూ, మీరు నోరు మాత్రం కదపండి, చాలు. రెండో చరణం నేను పాడతాను."