మేరమ్మ జాగాలో గొయ్యి

కరోనా మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికీ, గడ్డం కింది నుంచి జేబులోకీ దిగిపోయిన ఏడాది అది. ఎండాకాలం. శంషాబాద్ నుంచి కందుకూరు వైపు పోయే దారిలో ఒక ఊరి చివర, సరిగ్గా విమానాలు దిగే దారి కింద, నేనూ నా మూడు కాళ్ల స్టాండూ నిలబడి ఉన్నాం. విమానాలు ఎంత కిందికి వచ్చేవంటే, ఒక్కో చక్రానికి ఎన్ని బోల్టులున్నాయో చెప్పగలను. కిటికీ పక్కన కూర్చున్నాయన ఏం తింటున్నాడో కూడా చెప్పగలను గానీ మీరు నమ్మరు.

నేను ప్రైవేటు సర్వేయర్ని. ఈ పనిలో మొదట వచ్చే జబ్బు నడుం నొప్పి, రెండోది అనుమానం. నడుం నొప్పికి మందుంది.

నన్ను పిలిచింది మేరమ్మ. ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ పని. అత్త ఇచ్చిపోయిన చిన్న జాగాలో రెండు గదులు వేసుకుందామని ఇసుక కూడా పోయించింది. ఆ జాగా నడుమ ఒక గుండ్రటి గొయ్యి ఉంది. పక్కన ప్లాట్లు వేస్తున్న ప్రభాకర్ అది కుంట అని, అంటే నీళ్లు చేరి నిలిచే చోటని, ఆఫీసులో అర్జీ పెట్టాడు. నిజంగా కుంటే అయితే ఇంటికి పర్మిషన్ రాదు. సర్వే రిపోర్టు తెమ్మని ఆఫీసువాళ్లు మేరమ్మకు చెప్పారు. ఇల్లు ఉంటుందా, ఇసుక కుప్పగానే మిగులుతుందా అన్నది నా పెన్సిల్ మీద ఆధారపడింది.

గొయ్యి దగ్గరికి వెళ్లాను. నలుగురు మనుషులు చేతులు చాచి గుండ్రంగా నిలబడితే పట్టేంత వెడల్పు, మోకాలి లోతు. నా అనుభవంలో అంత అమాయకంగా కనిపించే గొయ్యి మంచిది కాదు.

"దీన్ని ఏమంటరక్కా?" అని మేరమ్మను అడిగాను.

"పాతర అంటం సారూ. మా అత్త గట్లనే అనేది."

అటుగా పోతున్న మేకలాయన ఆగి, "పాతరేంది, గుంత. ఎవడో మట్టి తవ్వుకపోయిండు" అన్నాడు. టీ కొట్టు ముసలమ్మ గొంతు తగ్గించి, "బొంద బిడ్డా, దగ్గరికి పోకు" అంది. బొంద అంటే మనిషిని పూడ్చే గొయ్యి. ఆ మాటతో నా చేతిలో టీ చల్లారి, గడ్డకట్టి, మంచుగడ్డైంది.

ఒక్క గొయ్యికి నాలుగు పేర్లు. నాలుగూ అనుమానాస్పదమే. అందరికంటే ఎక్కువ అనుమానం నాకు మేరమ్మ మీదే. ఎందుకంటే పొద్దున్నే నాకు కోడికూర పెట్టింది. సర్వేయర్‌కు కోడికూర పెట్టేవాళ్లు ఏదో దాస్తున్నారని నా గట్టి నమ్మకం. పైగా ప్రభాకర్ తన ఫోన్‌లో, వానాకాలంలో ఆ గొయ్యి నిండా నీళ్లున్న ఫొటో చూపించాడు. కూర మాత్రం వదలకుండా తిని, ఫీల్డ్ బుక్‌లో పెన్సిల్‌తో 'కుంట' అని రాసేశాను. పాతర అన్న మాట అసలు రాసుకోనేలేదు.

ఇక ఎత్తుపల్లాలు చూడాలి. ఆటో లెవెల్ అనే దుర్బిణిలోంచి చూస్తుంటే, ఎదురుగా ఒకరు స్టాఫ్, అంటే అంకెలేసిన పొడుగు కర్ర, నిటారుగా పట్టుకోవాలి. అంకె పెద్దదైతే నేల పల్లం, చిన్నదైతే మిట్ట. మేరమ్మ పట్టుకుంటానంది. నాకు అనుమానం. "నేను పట్టుకుంట" అన్నాడు ప్రభాకర్, నా కంటే అనుమానపు మనిషి. "ఈమె వంచుతది సార్."

"నేనెందుకు వంచుత? నీ లెక్కనా?" అంది మేరమ్మ. "రోజు పొద్దున బాత్‌రూములు కడిగి, జీవితంల ఒక్క ఇల్లు అడిగిన. జర నిజం రాయి సారూ. కూర పెట్టిన అని రాయకు, పెట్టలే అని రాయకు."

నేను దుర్బిణిలో తల దాచుకున్నాను.

ప్రభాకర్ ఒక్కో చోటా కర్ర నాటాడు. జాగా నాలుగు మూలలా అంకెలు పెద్దవి. గొయ్యి అంచు మీద అన్నిటికంటే చిన్నది. మిషన్ పాడైందనుకున్నాను. మళ్లీ చూశాను. ఈసారి ప్రభాకర్ గొయ్యి అంచున కర్రను కొంచెం పక్కకు వాల్చాడు, కర్ర వాలితే అంకె పెరిగి నేల పల్లంగా కనిపిస్తుంది కదా. అంకె కాస్త పెరిగినా అన్నిటికంటే చిన్నది అదే. మొత్తం జాగాలో ఆ గొయ్యి ఉన్నదే మిట్ట నెత్తి మీద! అది కుంట కావాలంటే నలుదిక్కుల నీళ్లూ మెట్లెక్కి రావాలి.

అప్పుడు బుద్ధి వచ్చి అడిగాను. "అక్కా, పాతర అంటే ఏందసలు?"

"జొన్నలు దాస్తరు సారూ. మిట్ట మీదనే తవ్వుతరు. తడి తగిలితే గింజ మురుగుతది గద. లోపల గోడలు కాల్చి, గడ్డి పరిచి, మూసేటోళ్లు. మూత తీసినంక ఒక రోజు వదిలి దీపం దించేటోళ్లు. దీపం ఆరితే లోపల గాలి మంచిగ లేదని ఎవ్వరు దిగకపోయేది. మా అత్త చిన్నప్పుడు దిగిందట."

గడ్డపార తీసుకుని అంచు దగ్గర జానెడు గీకాను. ఎర్రగా కాలిన మట్టి, దాని వెనక బూడిద. పై కప్పు కూలి మట్టితో నిండి, పైన మిగిలిన పళ్లెంలాంటి పల్లంలో వాన నీళ్లు నిలిచాయి. ఫొటో నిజమే, కుంట అబద్ధం.

"మరి నీళ్లు కనబడ్డయ్ గద సార్?" అన్నాడు ప్రభాకర్.

"బకెట్ల గూడ కనబడ్తయ్ అన్నా," అంది మేరమ్మ. "బకెట్ కుంటనా?"

ఆ సాయంత్రం 'కుంట'ను రబ్బరుతో రుద్ది, 'పాడుబడ్డ జొన్న పాతర, నాలుగు వైపులా నేల దిగువకే' అని అంకెలతో సహా రాసిచ్చాను. పర్మిషన్ వచ్చింది. పాతర పూడ్చి, గట్టిచేసి, పునాది వేశారు.

అప్పటి నుంచి ఏ గొయ్యి దగ్గరైనా మిషన్ దించే ముందు పేరు అడుగుతాను. ఎవరు ఏ పేరు చెప్పినా ఒక ప్రశ్న వేస్తాను: మీ ఇంట్లో ఎవరైనా ఇందులోకి దిగారా? దిగిన ఇంటివాళ్ల మాట ముందు రాసుకుంటాను. అనుమానం మాత్రం మానలేదు, దాన్ని నా పెన్సిల్ మీదికి మళ్లించాను.

కొత్తింట్లోకి వెళ్లిన రోజు మేరమ్మ జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. నేను ముక్క చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నాను.

"తిను సారూ," అంది. "రిపోర్ట్ ఇచ్చేసినవ్ గద. ఇగ ఇది ఒట్టి కూరనే."