తాహెర్ అంకుల్ పది ఓటములు

తాహెర్ అంకుల్ ఏ సంవత్సరాన్నీ అంకెతో చెప్పరు. లోకంలో జరిగిన ప్రతి సంగతినీ, ఆ ఏడు, ఫైనలైనా కాకున్నా, తన ఆఖరి ఆటలో పోర్ట్ మెరిన్ ఫుట్‌బాల్ క్లబ్బు ఎన్ని పాయింట్ల తేడాతో ఓడిపోయిందో దానితో ముడిపెట్టి గుర్తుంచుకుంటారు. ఈ లెక్కలో ఆయన ఒక్కసారి కూడా పొరబడినట్లు సింగపూర్‌లోని మా యీషున్ పేటలో ఎవరూ నిరూపించలేకపోయారు.

"నేనెప్పుడు పుట్టానో గుర్తుందా అంకుల్?" అని అడిగితే తడుముకోకుండా "పదమూడు పాయింట్లు, బేటా. మస్తు దగ్గర దాకొచ్చి పోయింది," అంటారు. వాళ్ల పెళ్లి ఎప్పుడయిందని ఆయన భార్య మున్నీ ఆంటీని అడిగాను ఓసారి. "మీ అంకుల్‌కయితే నలభై ఒక్క పాయింట్లు. నాకయితే యావజ్జీవం," అన్నారావిడ, ఉల్లిపాయ తరుగుతూ. పాలీక్లినిక్‌లో నర్సు పుట్టిన సంవత్సరం అడిగినప్పుడు ఆయన యథాప్రకారం "తొంభై రెండు, అది గూడ వానల," అన్నారు. ఆమె వయసు తొంభై రెండని రాసుకుని చక్రాల కుర్చీ తెప్పించింది. అంకుల్ అందులో కూర్చుని హాయిగా ఎక్స్‌రే గదికి వెళ్లివచ్చారు.

పోర్ట్ మెరిన్ అనేది ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని చిన్న రేవు ఊరు. అక్కడివారు ఆడేది మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో గుద్దుతూ, కాలితో తన్నుతూ, జట్టుకు పద్దెనిమిది మంది ఆడే వారి సొంత ఆట. అంకుల్ ఆ దేశంలో అడుగు పెట్టలేదు. యువకుడిగా తంజోంగ్ పగార్ రేవులో క్రేను నడిపే రోజుల్లో ఒక ఆస్ట్రేలియా ఓడ వంటవాడు ఆయన డబ్బాలోని బగారా బైంగన్ రుచి చూసి, బదులుగా తన ఊరి క్లబ్బు చరిత్ర పుస్తకం ఇచ్చివెళ్లాడు. ఆ ఒక్క పూట వంకాయ కూర పెట్టి పంపినందుకు మున్నీ ఆంటీ ఇప్పటికీ చింతిస్తూనే ఉన్నారు.

ఆ క్లబ్బు వందేళ్లలో పదిసార్లు ఫైనల్‌కు చేరి, పదిసార్లూ ఓడింది. శతజయంతికి ఫైనల్‌కొకటి చొప్పున పది తపాలా బిళ్లలు వెలువడ్డాయి. విడుదలైన రోజునే ఆ ఊరి పోస్టాఫీసులో కవర్ల మీద అంటించి, పెలికన్ పక్షి బొమ్మ ఉన్న ముద్ర వేయించి, ఆ వంటవాడే అంకుల్‌కు పంపాడు. అలా ముద్ర పడిన కవర్లు లోకంలో కొన్నే ఉన్నాయట. అంకుల్ వాటిని పుటకొకటిగా ఆల్బంలో అమర్చారు. ఎనిమిదో పుట మాత్రం ఖాళీ.

ఆ ఖాళీ పుటను నేను తొమ్మిదేళ్ల వయసులో మొదట గమనించాను. అమ్మానాన్నలు ఉద్యోగాల నుంచి వచ్చేదాకా, బడి కాగానే మూడు గుమ్మాల అవతల ఉన్న అంకుల్ ఫ్లాట్‌లోనే నా మకాం. పాత ఉత్తరాల మీది బిళ్లలను గిన్నెడు నీళ్లలో నానబెట్టి, ఊడదీసి, పట్టకారుతో ఆరబెట్టడం నా పని.

"ఇదెందుకు ఖాళీగా ఉంది అంకుల్?"

"ఒక్క పాయింటు ఫైనల్ బేటా అది. బంతి రెండు పెద్ద గుంజల నడుమకెళ్లి సాఫ్‌గ పోయింది. అంపైరేమో గుంజకు తగిలిందని రెండు జెండాలు ఊపాల్సిన చోట ఒక్కటే ఊపిండు. ఆరు పాయింట్లు రావాల్సినకాడ ఒకటొచ్చింది. ఇన్సాఫ్ అయ్యేదాక ఈ పుటల ఏం పెట్ట."

నాకు కన్నీళ్లు వచ్చాయి. నేను న్యాయశాస్త్రం చదవడానికి కారణమేమిటని కళాశాల ఇంటర్వ్యూలో అడిగినప్పుడు రాజ్యాంగం గురించి ఏదో చెప్పాను కానీ, అసలు కారణం ఆ అంపైరు.

ఈ ఏడు యీషున్ కమ్యూనిటీ సెంటర్‌లో 'తపాలా బిళ్లల్లో క్రీడలు' అనే ప్రదర్శన ఏర్పాటైంది. తన పోర్ట్ మెరిన్‌ను నలుగురి ముందు నిలపాలని అంకుల్ నలభై ఏళ్లుగా కన్న కల అది. ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆల్బం చంకన పెట్టుకుని బయలుదేరారు. నేనూ వెంట వెళ్లాను. నిర్వాహకుడు చక్రధర్ గారు బ్యాంకు ఉద్యోగి. నిబంధనల పుస్తకం లేనిదే తుమ్మరు.

"తొమ్మిదే ఉన్నాయి కదండీ. కంప్లీట్ సెట్ అయితేనే పెట్టాలి. రూల్ అలా ఉంది, నన్నేం చెయ్యమంటారు?"

"ఖాళీ గాదు సాబ్ అది. నిరసన."

"నిరసన అయితే ఇక్కడ కాదు అంకుల్. దానికి పర్మిట్ తీసుకోవాలి."

అంకుల్ ఆల్బం మూసేశారు. రెండు రోజుల తరువాత మున్నీ ఆంటీ ఫోన్ చేశారు. "ఉజ్వలా, మీ అంకుల్ మొన్నటి సంది ఒక్క అంకె గూడ చెప్తలేడు. బీపీ మంచిగనే ఉంది. నాకు భయమైతున్నది."

నాకు సహనం తక్కువ. అన్యాయం అరవై ఏళ్లనాటిదైనా నిన్నటిదైనా నాకు ఒకటే. అంపైరు పొరపాటు చేశాడని క్లబ్బు రాతపూర్వకంగా అంగీకరిస్తే ఆ పత్రాన్నే ఎనిమిదో పుటలో పెట్టి సెట్టు పూర్తి చేయవచ్చునని తోచింది. పోర్ట్ మెరిన్ క్లబ్బుకు ఆరు పుటల లేఖ రాసి ఈమెయిల్‌లో పంపాను. వారి ఎనిమిదో ఫైనల్, అంటే 1957 నాటి ఆట, ఫలితాన్ని పునఃపరిశీలించాలని కోరాను. 'కాలదోషం పట్టిందని మీరు అభ్యంతరం చెప్పవచ్చు. దానికి నా సమాధానం మూడో పుటలో ఉన్నది' అని ముందుగానే హెచ్చరించాను. ఈ సంగతి విని అంకుల్ ఎందుకో కంగారుపడ్డారు.

"వద్దు బేటా. ఆ అంపైర్ ఇప్పుడు ఉన్నడో లేడో పాపం."

"వారసులుంటారు అంకుల్," అన్నాను.

నాలుగు రోజుల్లో క్లబ్బు కార్యదర్శి నుంచి జవాబు వచ్చింది. 'మీ లేఖను మా కార్యవర్గం లేచి నిలబడి చదివింది. మా తరఫున ఇంత గట్టిగా ఎవరూ, ఎన్నడూ వాదించలేదు. అయితే ఆ ఫైనల్‌లో మేము డెబ్బై ఒక్క పాయింట్ల తేడాతో ఓడిపోయాము. అంపైరు మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఆ రోజు మావాళ్లు ఏమాత్రం బాగా ఆడలేదు.'

లేఖను అచ్చు తీసి పట్టుకుని మూడు గుమ్మాలూ దాటాను. అంకుల్ కాఫీకని కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కు వెళ్లారు. ఆంటీ ఒక్కరే ఉన్నారు.

"ఒక్క పాయింటు కాదట ఆంటీ. డెబ్బై ఒకటట."

"ఆయనకెరుకే," అన్నారావిడ. అలమర పైనుంచి బిస్కట్ డబ్బా దింపి, అందులోంచి ఒక చిన్న కవరు తీశారు. లోపల పోర్ట్ మెరిన్ బిళ్ల, 1957 ఫైనల్‌ది, మూల మీద పెలికన్ ముద్ర తాలూకు రెక్క ముక్కతో సహా. మిగిలిన పక్షి లేదు. "నువ్వే నానబెట్టినవ్. గిన్నెల మామూలు ఉత్తరాలతోపాటు దీన్ని గూడ వేసినవ్. ఆరబెట్టి తెచ్చి, 'అంకుల్, ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి' అన్నవ్. కవరు గుజ్జయిపోయింది. ముద్ర సగం దాని ఎంబడే పోయింది."

"అంకుల్ ఏమన్నారు?"

"షాబాష్ అన్నడు. బాత్రూంల పోయి, నల్లా ఇప్పుకొని పావుగంట కూసున్నడు. మర్నాడు నువ్వే మళ్లొచ్చి, పుట ఎందుకు ఖాళీ అని అడిగినవ్. అంపైర్‌ను ఆ నిమిషంలనే పుట్టించిండు."

బిళ్ల ఉన్నదని చక్రధర్ గారితో ఒక్కమాట చెబితే సెట్టు పూర్తయ్యేది. కానీ కడిగిందెవరని ఆయన అడిగేవారు, పక్కనే నేనున్నాను. అందుకే అంకుల్ ఆల్బం మూసుకుని ఇంటికి వచ్చేశారు.

ఇంతలో అంకుల్, ప్లాస్టిక్ సంచీలో పోయించుకున్న కాఫీని వేలికి తగిలించుకుని వచ్చారు. బల్ల మీద ఏమున్నదో చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"1957 ఫైనల్, తేడా ఎంత అంకుల్?"

"ఒకటి."

"ప్రమాణం చేసి చెప్పండి."

ఆయన ఫ్యాను వైపు చూశారు. "ఆ దినం గాలి గూడ మస్తుండె బేటా..."

"అంకుల్."

"డెబ్బై ఒకటి," అన్నారు, ఆ ఆట తానే ఆడి ఓడినంత నీరసంగా. "అబద్ధమని తర్వాత చెబుదామనుకున్న. అంతట్ల నువ్వు అంపైర్ మీద పండ్లు కొరుక్కుంట, లాయర్ అయితనంటివి. ఇంకేం జెప్పాలె?"

నా వృత్తి యావత్తూ ఒక కల్పిత సాక్ష్యం మీద నిలిచి ఉన్నదని తెలిసినప్పుడు నేను కుంగిపోవలసింది. సుమారు అయిదు నిమిషాలు కుంగిపోయాను కూడా. అటుపైన, ఆ ఒక్క అంపైరు లేకున్నా లోకంలో కావలసినంత మంది అంపైర్లు ఉన్నారని జ్ఞాపకం వచ్చింది. బిళ్లను పట్టకారుతో ఎత్తి, ఎనిమిదో పుటలో నేనే పెట్టాను. చక్రధర్ గారు భూతద్దంతో చూసి, "కండిషన్ పూర్. కానీ కంప్లీట్," అని సంతకం చేశారు.

ఆదివారం ప్రదర్శనలో అంకుల్ తన బల్ల పక్కన కొత్త చొక్కాతో నిలబడ్డారు. అంకెలు మళ్లీ ధారాళంగా ప్రవహిస్తున్నాయి. పక్క బ్లాకు రత్తమ్మ గారు వచ్చి ఎనిమిదో పుట మీదకు వంగారు.

"ఇదేంది బాబూ, ఇదొక్కటే ఉతికి ఆరేసినట్టుంది?"

"అది పెద్ద కథ అమ్మా. ఒక అంపైర్ ఉండె..."

"నేను నానబెట్టానండీ," అన్నాను. "చిన్నప్పుడు, తెలియక."

అంకుల్ నొచ్చుకున్నట్లు చూసి, రత్తమ్మ గారి వైపు వంగి గొంతు తగ్గించారు. "ఈ పిల్ల మాట పట్టించుకోకండి. పిల్ల మంచిదే. ఒక్క పాయింటుతోని ఆట పోగొట్టిన ఆ అంపైర్ మనుషులు బెదిరించిన్రు."

రత్తమ్మ గారు నన్ను ఆపాదమస్తకం పరికించారు. జాలిపడాలో మందలించాలో తేల్చుకోలేకపోయినట్లున్నారు. "బెదిరిస్తే మాత్రం, చదువుకున్నదానివి, భయపడతావా? నిజం చెప్పు తల్లీ. ఎంత తేడాలో పోయింది ఆట?"

క్లబ్బువారి లేఖ నా చేతిసంచీలోనే ఉంది, సంతకంతో, ముద్రతో సహా. అంకుల్ పట్టకారును తుడవనవసరం లేకపోయినా తుడుస్తున్నారు.

"ఒక్క పాయింటు అండీ," అన్నాను.